వృథాగా మ్రోగు గంట



ఇంటికి కావలిగా కుక్కను పెంచుట మన పల్లెలలో అనాదిగా నున్న ఆచారము. కుక్క దొంగను చూచి మొరుగును, నక్కను చూచి మొరుగును, ప్రొద్దుపోయి వచ్చిన బంధువును చూచియు మొరుగును. ఐనను ఆ మొరుగులలోని భేదమును ఇంటి యజమాని పడకమీదనుండియే కనిపెట్టగలడు. యంత్రపు గంట అట్టిది కాదు. దానికి ఒకటే గొంతు. దొంగ చేయి వేసినను, గాలివాన వచ్చినను, ఏమియు లేకున్నను ఒకే తీరున మొరపెట్టును. పట్టణములలోనే కాక నేడు పెద్ద గ్రామములలోను కారులు పెరిగినవి గనుక, అర్ధరాత్రమున ఈ గంటల మొరను విననివారు మీలో కొలదిమందియే యుందురు. అది అకారణముగా మ్రోగినపుడు కారణమును వెదకుట యెట్లో, వెదకక దాని నోరు నొక్కిన కలుగు చేటేమో, రెంటిని గూర్చియు నేడు ముచ్చటించెదను.

ఈ గంటకు మూలపురుషుడు ఒక మతాచార్యుడనిన మీకు వింత తోచవచ్చును. 1853వ సంవత్సరమున అమెరికాలో బోస్టను నగర సమీపమున నున్న ఆగస్టస్ రస్సెల్ పోప్ అను క్రైస్తవాచార్యుడు తలుపులకును కిటికీలకును విద్యుత్తీగలు తగిలించి, వానిలో నేది తెరువబడినను అయస్కాంతపు బలముచే చిన్న సుత్తి గంటను కొట్టునట్లు ఏర్పాటుచేసి పేటెంటు పొందెను. నేటి కారు అలారము ఆ గంటకు మునిమనుమడు. తలుపులకు స్విచ్చులు, ముందు మూతకు, అనగా బోనెట్టుకు, ఒక స్విచ్చి, వెనుక డిక్కీకి ఒకటి; బండి అదిరిన తెలిసికొను పరికరమొకటి; కొన్ని బండ్లలో లోపలి గాలి కదలికను చెవికి వినరాని ధ్వనితో పసికట్టునది మరియొకటి. వీనినుండి వచ్చు వార్తలన్నియు ఒక చిన్న పెట్టెకు చేరును. ఆ పెట్టె గంటను మ్రోగించును.

ఆ పెట్టె దొంగను చూడదని మనము జ్ఞాపకముంచుకొనవలెను. అది గుర్తులను మాత్రమే చూచి, దొంగ కలడని ఊహించును. మన శాస్త్రములలో దీనికి అనుమానమని పేరు. లోకమున అనుమానమనగా సందేహము. తర్కమున అనుమానమనగా గుర్తునుబట్టి కలిగిన నిశ్చయము. కొండమీద పొగను చూచి అచ్చట నిప్పు కలదని తెలిసికొనుట వంటిది. పొగ హేతువు, నిప్పు సాధ్యము. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున హేతువునకు పట్టు దోషములను ఐదింటిని వివరించెను. వానిలో రెండు మనకు నేడు చాలును. గుర్తు నిజముగా ఉన్నది, కాని దొంగ లేనిచోటను ఉండునట్టిది: అది సవ్యభిచారము. పిల్లి దుమికినను బండి అదరును, లారీ పోయినను అదరును. ఇక రెండవది, గుర్తే లేదు, ఉన్నట్లు భ్రమ కలిగినది: అది అసిద్ధము. కొండమీది పొగమంచును చూచి పొగ యనుకొన్నట్లు. మొదటి దోషమునకు యంత్రపు చురుకుదనమును తగ్గించిన చాలును. రెండవ దోషమునకు ఆ చికిత్స పనికిరాదు. పొగమంచును పొగ యనుకొను కన్నును బాగుచేయవలెను. మెకానిక్కులు ఈ భేదమును గమనింపక మొదటి మందునే రెండవ రోగమునకును వేయుట నేను చూచితిని.

కార్తికమాసమున మా అల్లుడుగారు ఉద్యోగకార్యముపై రెండు నెలలు దూరప్రాంతమునకు పోవుచు, గుడివాడలోని తమ కారును తెచ్చి బందరులో మా యింటి ముంగిట నిలిపిరి. గుడివాడలో నాలుగేండ్లుగా ఒక్కనాడును వృథాగా మ్రోగని గంట, బందరు చేరిన ఆరవ రాత్రి తెల్లవారుజామున మ్రోగెను. ముప్పది సెకనులు మ్రోగి ఆగి, కొంతసేపటికి మరల మ్రోగెను. నేను లేచి చూచితిని. బండి దగ్గర నరుడు లేడు, తలుపులు వేసినవి వేసినట్లే యున్నవి. మరునాడును అంతే. నాలుగవ రాత్రికి వీధివారు అభిప్రాయములతో వచ్చిరి. పిల్లి పనియని ఒకరు, గిలకలదిండి హార్బరుకు మంచుగడ్డలు మోయు లారీల అదురని మరియొకరు. బండికి గాలి సోకినదని పలికిన వృద్ధుడొకడు కలడు. ఆ మాట ఒక అర్థమున నిజమే యని పిమ్మట తేలినది.

కుర్రవారు, "మాష్టారూ, ఆ వైరు పీకేస్తే సరిపోతుంది గదండీ" అనిరి. ఒక దుకాణమువారు వచ్చి చూచి, పెట్టె పాడైనదనియు మొత్తము మార్చవలెననియు చెప్పిరి. ఏ గుర్తునుబట్టి పాడైనదని యడిగిన, "అన్నీ ఇట్లాగే వస్తాయండీ" అని బదులు చెప్పిరి. అది హేతువు కాదు.

మా ఎదురింట ఎనుబదియేండ్ల వృద్ధురాలు కలరు. నేను పిన్నిగారని పిలుతును. వారి పుట్టినిల్లును మెట్టినిల్లును దివిసీమలోనివే. 1977 నవంబరు 19వ తేదీ శనివారమునాటి ఉప్పెనలో ఆమె ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొనిరి. ఆనాడు సముద్రము సుమారు 5 మీటర్ల యెత్తున లేచి నాగాయలంక, కోడూరు ప్రాంతముల గ్రామములపై పడినది. పదివేల సంఖ్యలో జనము పోయిరి. అంతకు పూర్వము 1864 నవంబరు 1వ తేదీన మా బందరు పట్టణమే ఉప్పెనలో మునిగి ముప్పదివేలమంది చనిపోయిరని చరిత్ర. కారు గంట మ్రోగినపుడెల్ల పిన్నిగారు లేచి, దీపము వేసి, మేడ మెట్లమీద కూర్చుండి తెల్లవారువరకు ఉండిరని నాకు వారి కోడలు చెప్పినది. నేను పోయి, వైరు తీయించెదనంటిని. ఆమె నన్ను చూచి, "తీసెయ్యకు నాయనా. ఆ రాత్రి మాకు ఏ గంటా మోగలేదు. వట్టినే మోగిందో, నిజంగా మోగిందో నాకు తెలిసేటట్టు చెయ్యి, చాలు" అనెను.

ఆ మాట విన్న పిమ్మట నాకు మన తీరమున మ్రోగిన హెచ్చరికలన్నియు మనసున మెదలినవి. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చి కృష్ణాజిల్లా తీరమునను మనుష్యులను కబళించెను. నాలుగు దినములకు, డిసెంబరు 30న, మరల అల రాగలదని కేంద్ర హోం మంత్రిత్వశాఖనుండి హెచ్చరిక వెలువడగా తీరవాసులు పిల్లలనెత్తుకొని పరుగిడిరి. అల రాలేదు. విదేశమునందలి ఒక ప్రైవేటు సంస్థ మాట దానికి మూలమనియు, అందు శాస్త్రాధారము లేదనియు పిదప కేంద్రమంత్రియే చెప్పిరి. అది ఆప్తవాక్యము కానిదానిని ఆప్తవాక్యముగ గైకొనుట. 2007 అక్టోబరు 15న హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రము ఏర్పడినప్పటినుండి, భూకంపమొక్కటే హేతువుగా గ్రహింపక, సముద్రగర్భమున నీటి ఒత్తిడిని కొలుచు యంత్రములను, రేవులలోని నీటిమట్టపు కొలతలను కూడ చూచి నిశ్చయించుచున్నారు. భూకంపము సవ్యభిచారమగు హేతువు కదా! 2012 ఏప్రిల్ 11న సుమత్రా సమీపమున 8.6 పరిమాణము గల భూకంపము వచ్చినను, సముద్రపు అడుగు మీదికి లేవక ప్రక్కలకు జరిగినందున పెద్ద అల పుట్టలేదు.

మరియొక విధము కలదు. 2013 నవంబరు 22న హెలెన్ అను తుపాను మచిలీపట్టణ సమీపమున తీరము దాటెను. దాని వెంటనే లెహర్ అను అతి తీవ్రమైన తుపాను వచ్చుచున్నదని చెప్పి మరల జనమును తరలించిరి. ఆ తుపాను దారిలోనే బలముడిగి, 28వ తేదీన వాయుగుండమై మన ప్రాంతముననే తీరము దాటెను. ఊరక తరలించిరని విసుగుకొన్నవారిని నేనెరుగుదును. ఇచ్చట హేతువు నిజము, అపాయమును నిజము; అపాయము నడుమ చల్లారినది. దానిని వృథా హెచ్చరిక యనరాదు. బయటకు వినుటకు మూడును ఒకటే మ్రోత. లోన మూడును వేరు. పిన్నిగారు అడిగినది ఆ వేరు తెలుపుమనియే.

నావద్ద వ్రాయక మిగిలిన హాజరుపట్టీ యొకటి యున్నది. దానిలో గళ్లు గీసి, ప్రతి రాత్రికిని గంట మ్రోగిన వేళ, ఆకాశము, గాలి, లారీలు, పిల్లి అని శీర్షికలు పెట్టితిని. పిల్లి హాజరును పట్టుటకు బోనెట్టుమీద బియ్యపుపిండి పలుచగా జల్లితిని. మా యింటిది మంచి పిండి పాడుచేయుచున్నానని నాలుగు దినములు సణిగినది. ఒకనాటి ఉదయమున పిండిమీద పిల్లి నడచిన జాడలు చక్కగా నున్నవి, రాత్రి గంట మ్రోగలేదు. మరునాడు గంట మూడుమారులు మ్రోగెను, పిండిమీద జాడయే లేదు. హేతువున్నచోట కార్యము లేదు, హేతువు లేనిచోట కార్యమున్నది. అన్వయమును పోయినది, వ్యతిరేకమును పోయినది. పిల్లి నిర్దోషి యని తీర్పు వ్రాసితిని.

కాని ఆ పిండి మరియొక సాక్ష్యము చెప్పినది. గంట మ్రోగిన ఉదయములందెల్ల అది పిండివలె లేదు; తడిసి ముద్దయై, అట్లు పోయుటకు తగినట్లున్నది. మ్రోగని ఉదయములందు పొడిగా నున్నది. పట్టీ తిరుగవేసి చూచితిని. 14 రాత్రులలో 9 రాత్రులు మ్రోగినది. ఆ 9 రాత్రులును ఆకాశము నిర్మలము, గాలి నిశ్చలము. మ్రోగని 5 రాత్రులలో 3 మబ్బు పట్టినవి, 2 ఈశాన్యపు గాలి వీచినవి. మబ్బుకప్పిన రాత్రియు, గాలివీచు రాత్రియు మంచు కురియదని మీరెరిగినదే. మ్రోగిన వేళయు ఎల్లప్పుడు మూడున్నర గంటలకును ఆరు గంటలకును నడుమ. లారీలు ఒంటిగంటకు, రెండింటికి పోవుచుండెను, అప్పుడు మ్రోగలేదు. కావున లారీలును నిర్దోషులే.

తెల్లవారుజామున బాటరీ బలహీనమగుటయు గంటకు కారణము కావచ్చునని నాకు తోచెను. బాటరీ నీరసించిన, కొన్ని పెట్టెలు దానినే దొంగతనపు గుర్తుగా తీసికొనును. ఒక విద్యుత్ మేస్త్రీనడిగి కొలత యంత్రము తెచ్చి చూచితిని. సాయంకాలము 12.5 వోల్టులు, ఉదయమున 12.4. నిండిన బాటరీ ఊరకున్నపుడు సుమారు 12.6 ఉండవలెను. కొంచెము తగ్గినది గాని, గంట మ్రోగునంతటి నీరసము కాదు. ఇక మిగిలినది తడి. తడి యెచ్చట చొచ్చినది?

తలుపుల స్విచ్చులు లోపల నుండును. ఈ బండిలో బోనెట్టు స్విచ్చి మూత అంచున, వానకును మంచుకును ఎదురుగా నున్నది. దాని పని సులభము. మూత మూసియున్నంతవరకు ఒక చిన్న మేకువంటిది క్రిందికి అణగియుండును. మూత లేచిన స్ప్రింగుచే మేకు లేచి, తీగను బండి యినుముతో కలుపును. పెట్టె గంట మ్రోగించును. కొన్ని బండ్లలో దీనికి విరుద్ధముగా కలయిక తెగినపుడు మ్రోగును. అట్టి స్విచ్చులో తుప్పుపట్టి కలయిక చెడినను గంట మ్రోగును. ఈ బండిది మొదటి రకము. మేకుపై నుండవలసిన రబ్బరు టోపీ చినిగియున్నది. క్రింద తీగ చివర ఆకుపచ్చని చిలుము, దానిపై తెల్లని ఉప్పుపొర.

మీ యిండ్లలో ఉప్పుజాడీ వానకాలమున చెమర్చుట చూచియుందురు. గాలిలోని తేమ నూటికి డెబ్బదియైదు పాళ్లు మించిన, ఉప్పు దానిని లాగుకొని తానే నీరగును. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు ఈ స్విచ్చిపై పేరుకొనినది. తేమచే చెమర్చుట ఒక్కటే చాలలేదు. మంచునీరును తోడైనపుడు ఆ ఉప్పునీటి పొర తీగకును ఇనుమునకును వంతెన వేసినది. మంచినీరు విద్యుత్తును మిక్కిలి కొలదిగా పోనిచ్చును, ఉప్పునీరు బాగుగ పోనిచ్చును. మూత మూసియేయున్నది, పెట్టెకు మాత్రము తెరచినట్లు వార్త పోయినది. పొగ లేదు, పొగమంచే. గుడివాడ సముద్రమునకు దూరముగ లోపల నున్నది గనుక అచ్చటను మంచు కురిసినను ఇంత ఉప్పు చేరలేదు. గాలి సోకినదన్న వృద్ధుని మాటకు ఇదే అర్థము.

ఇంతమాత్రమున నిశ్చయింపరాదు, ఇదియు ఇంకను ఊహయే. ఒక పొడి మధ్యాహ్నము కారుకు తాళము వేసి, వీధివారికి ముందుగా చెప్పి, మూత సందునుండి స్విచ్చిమీద నాలుగు చుక్కల ఉప్పునీరు విడిచితిని. గంట మ్రోగెను. ఆరబెట్టి, తీగను ఊడదీసి కొనకు గుడ్డచుట్టి మరల నీరు విడిచితిని. మ్రోగలేదు. తీగ తీసియుంచి మూడు మంచు రాత్రులు చూచితిని. పట్టీలో మూడు సున్నలు. మరల తగిలించి మూడు రాత్రులు. రెండు రాత్రులు మ్రోగినది. అప్పుడు మెకానిక్కును పిలిపించితిని. అతడు స్విచ్చి మార్చి, చిలుమును గరుకుకాగితముతో రుద్ది, కొత్త రబ్బరు టోపీ తొడిగి, మీద గ్రీజు పూసెను. పనివాడు మంచివాడు. "తీరంలో బండ్లకి ఏడాదికోసారి ఇది చూసుకోవాలి మాష్టారూ" అనెను. పెట్టెను మార్చుటకు అడిగిన సొమ్ములో ఇరువదియవ పాలైన కాలేదు.

మీ బండ్లకు ఈ వ్యాధియే పట్టియుండుననుకొనవలదు. అద్దము క్రింద వ్రేలాడు దేవుని బొమ్మయో పూలదండయో ఊగుటచేత, కిటికీ వ్రేలెడు తెరచి విడుచుటచేత, లోపల చేరిన పురుగుచేత గాలి కదలికను పట్టు పరికరము మోసపోవును. అదురును పట్టు పరికరమును మితిమీరిన చురుకుదనమున నుంచిన ఉరుమునకును మ్రోగును. కొన్ని అలారములు తాళము తీయునపుడు చిన్న దీపమును ఇన్నిమారులని మిణుకరించి, కడపట మ్రోగుటకు కారణమైన స్థానమును తామే చెప్పును. బండితో నిచ్చిన పుస్తకమున ఆ లెక్క యుండును. దానిని ఎవరును చదువరు. ఒక్కొక్క స్విచ్చినే తీసి ఒక్కొక్క రాత్రి చూచుట మేలు. నాలుగింటిని ఒకేమారు మార్చిన, నిమ్మళించినదేదో తెలియక పోవును.

స్విచ్చి మార్చిన తరువాత నెలదినములు గంట ఊరకున్నది. మార్గశిరము చివర ఒక రాత్రి రెండుగంటల వేళ మ్రోగెను. వీధిలో నాలుగు ఇండ్ల దీపములు వెలిగినవి. కుర్రవారు కఱ్ఱలతో వచ్చిరి. మా కొబ్బరిచెట్టునుండి ఎండుమట్ట యొకటి విరిగి కారు పైకప్పుమీద పడి, వెనుక అద్దము పగిలియున్నది. ఎదురింటి తలుపు తెరచుకొనెను. పిన్నిగారు గడపలో నిలిచి, "ఏమిటి నాయనా అది?" అని అడిగిరి. "కొబ్బరిమట్ట పడినదండీ, పిన్నిగారూ" అంటిని. "సరే" అని తలుపు వేసికొనిరి. మెట్లమీద దీపము వెలుగలేదు.